పికప్ మార్చే ముందు ఇవి చేసి చూడండి: వీణ, వయొలిన్, గిటార్ స్పీకర్లో రేకు డబ్బాలా మోగకుండా

పోయిన మార్గళిలో (డిసెంబర్, జనవరి కచేరీల సీజన్) చెన్నై వడపళనిలో ఒక చిన్న గుళ్లో మా పిన్ని వీణ కచేరీ. వీణేమో బొబ్బిలి ఏకాండి వీణ, ఒక్క పనస దుంగలోంచి తొలిచింది, ఇంట్లో మీటితే పక్కింటి వాళ్లు కూడా పని ఆపి వింటారు. అదే వీణ ఆ రోజు స్పీకర్లోంచి వస్తే డబ్బా మీద చెంచాతో కొట్టినట్టుంది. వర్ణం అయిపోగానే పిన్ని నా వైపు తిరిగి "ఒరే, ఇది నా వీణ కాదురా" అనేసింది, మైక్‌లోనే. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ పికప్ (వాద్యం అదురుని కరెంటుగా మార్చి స్పీకర్ వైపు పంపే ముక్క) కొనిచ్చింది నేనే, పైగా అది రెండోది, మొదటిది బాలేదని దానికంటే ఎక్కువ పెట్టి కొన్నది.

మూడోది కొనబోయి ఆగాను. ఆగి, కూర్చుని, అసలు ఏం జరుగుతోందో కనుక్కున్నాక తేలిందేమిటంటే తప్పు పికప్‌ది కాదు, దాని వైరు తీసుకెళ్లి నేను దేంట్లో గుచ్చానో దాంట్లో ఉంది. ఇప్పుడు ఆ మొదటి చవక పికప్పే వీణకి ఉంది, పిన్ని ఏమీ అనట్లేదు (ఆవిడ ఏమీ అనకపోవడం అంటే బాగుందని అర్థం). కాబట్టి కింద చెప్పే వరస మార్చకండి, పైసా ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి ముందు, డబ్బులు పెట్టేవి చివర్లో.

ముందు మీ దగ్గర ఏ రకం ఉందో చూసుకోండి

ఎక్కువ మంది దగ్గర ఉండేది పీజో, అంటే అదిరితే కరెంటు పుట్టించే పదార్థంతో చేసింది. ఇత్తడి బిళ్ల మీద తెల్లటి సిరామిక్ పూత ఉండేది ఒక రకం, వీణకి అతికించే "కాంటాక్ట్ మైక్" అనేది చాలాసార్లు ఇదే. గిటార్ బ్రిడ్జిలో ఆ తెల్ల ఎముకలాంటి శాడిల్ కింద సన్నటి పట్టీలా ఉండేది ఇంకో రకం, వయొలిన్ బ్రిడ్జి పక్క చీలికలో గుచ్చేది ఇంకొకటి. అన్నీ పీజోలే, వీటి జబ్బులన్నీ దగ్గర దగ్గర ఒకటే.

మాగ్నెటిక్ వేరే కథ. అది తీగ కదలికనే పడుతుంది, చెక్కని పెద్దగా పట్టించుకోదు, అదీ ఇనుము ఉన్న తీగనే. ఇత్తడి తీగకి అయస్కాంతం పలకదు. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో గమకాలు పలికించి కచేరీ లోకాన్నే ఒప్పించారు, నిజమే, కానీ అది పుట్టుకతోనే కరెంటు వాద్యం, పికప్ గొంతే దాని గొంతు. వీణ గొంతు కుండలో ఉంది, గిటార్ గొంతు పై చెక్కలో ఉంది, అది పోతే మిగిలేది తీగ ఒక్కటే. మన తంటా అంతా ఆ చెక్కని వెనక్కి తెచ్చుకోవడమే.

మీ పికప్‌కి బ్యాటరీ ఉందా లేదా అన్నది కూడా చూడండి. 9 వోల్ట్ బ్యాటరీ ఉంటే లోపల ప్రీయాంప్, అంటే పికప్ సిగ్నల్‌ని బలపరిచే చిన్న సర్క్యూట్, ఉన్నట్టే, అప్పుడు కింద వచ్చే మొదటి స్టెప్ మీకు సగం అయిపోయినట్టే. బ్యాటరీ లేకుండా నేరుగా వైరు బయటికి వస్తుంటే ఈ మొదటి స్టెప్పే మీ జబ్బు అవ్వడానికి చాలా చాన్స్.

స్టెప్ 1: దేంట్లో గుచ్చుతున్నారు?

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, భయపడకండి, ఒక్కసారి అర్థమైతే జన్మలో మర్చిపోరు.

పీజో అంటే కరెంటు దృష్టిలో ఒక కెపాసిటర్. దాన్ని మిక్సర్‌లో పెట్టినప్పుడు ఆ ఇన్‌పుట్‌కి ఒక రెసిస్టెన్స్ ఉంటుంది, ఇంపెడెన్స్ అంటారు కదా, అది. కెపాసిటర్, రెసిస్టర్ రెండూ కలిశాయంటే అక్కడ ఒక లో-కట్ ఫిల్టర్ తయారైపోయినట్టే, మీరు పెట్టకపోయినా. అది ఎక్కడి నుంచి కోస్తుందో చెప్పే సూత్రం చిన్నదే: 1ని 2π, రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ ఈ మూడింటి లబ్ధంతో భాగించడం.

27 మిల్లీమీటర్ల బిళ్ల సుమారు 20 నానోఫారడ్ ఉంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్ అనుకోండి. లెక్కేస్తే 800 హెర్ట్జ్ వస్తుంది. అంటే 800 కింద ఉన్నదంతా జారిపోవడం మొదలు. మూడు శ్రుతిలో, అంటే E స్కేల్‌లో, వీణ మొదటి తీగ సారణి సుమారు 165 హెర్ట్జ్, అన్నిటికన్నా కింది స్థాయి తీగ అనుమంద్రం 62 దగ్గర. ఇక వీణలో ఏం మిగిలింది చెప్పండి, మీటు చప్పుడు, మెట్ల మీద గీకుడు. అదీ ఆ రోజు మా పిన్నికి వినపడిన డబ్బా.

గిటార్ శాడిల్ కింద పట్టీ ఇంకా సున్నితం, దాని కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ దగ్గర, కొన్నిటికి ఇంకా తక్కువ. అదే 10 కిలోఓమ్‌లో పెడితే కట్ ఎక్కడో 16,000 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, అంటే పాట మొత్తం కట్ కిందే. 1 మెగాఓమ్‌లో పెడితే 160కి దిగుతుంది, 10 మెగాఓమ్ అయితే 16కి. అప్పుడు గిటార్ గిటార్‌లా ఉంటుంది.

మిక్సర్‌లో మైక్ ఇన్‌పుట్ ఇంకా ఘోరం, అది ఒకటిన్నర, రెండు కిలోఓమ్ అంతే. చాలా మంది సౌండ్ వాళ్లు జాక్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కి (మైక్ వైరుకుండే మూడు పిన్నుల ప్లగ్) మార్చే వైరు ఒకటి తెచ్చి నేరుగా మైక్ చానెల్‌లో గుచ్చేస్తారు, బేస్ రావట్లేదంటే ఈక్యూలో, అంటే బేస్, మిడ్, ట్రెబుల్ సర్దే నాబ్‌లలో, "లో" నాబ్ ఫుల్ తిప్పేస్తారు, అక్కడ లేని సౌండ్‌ని ఏం తిప్పితే వస్తుంది, హమ్ వస్తుంది అంతే. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ని మైక్ చానెల్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) పెట్టాం కదా అంటారు కొందరు. ఏ డీఐ అని అడగండి. బ్యాటరీ, ఫాంటమ్ (మిక్సర్ మైక్ వైరులోంచి పంపే కరెంటు) ఏమీ అక్కర్లేని పాసివ్ డీఐ ఇన్‌పుట్ 100, 150 కిలోఓమ్ ఉంటుంది. పెద్ద బిళ్లకి అది సరిపోతుంది, 140 అనుకుంటే కట్ 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, పర్లేదు. శాడిల్ పట్టీకి మాత్రం చాలదు, 1,100 హెర్ట్జ్ దాకా తినేస్తుంది. పీజోకి యాక్టివ్ డీఐ కావాలి, కనీసం 1 మెగాఓమ్, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

టెస్ట్ ఇలా చేయండి, ఊరికే. తెలిసిన ఎలక్ట్రిక్ గిటార్ కుర్రాడి దగ్గర బాస్ టీయూ-3 లాంటి ట్యూనర్ పెడల్ ఉంటుంది, ఒక్కరోజు అడిగి తెచ్చుకోండి. అలాంటి పెడల్స్‌లో బఫర్, అంటే పికప్ మీద బరువు పడకుండా సిగ్నల్‌ని ముందుకి పంపే సర్క్యూట్, ఉంటుంది, ఇన్‌పుట్ 1 మెగాఓమ్. మీ వాద్యానికి, మిక్సర్‌కి మధ్యలో అది పెట్టి మీటండి. లేదా ఇంట్లో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని మీద ఇన్‌స్ట్ అని బటన్ ఉంటుంది, అది నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి. తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలిస్తే మీ జబ్బు దొరికింది, కొత్త పికప్ డబ్బులు మిగిలాయి.

స్టెప్ 2: బఫర్ కొనడమా, చేసుకోవడమా

టంకం పట్టడం రాకపోతే మంచి యాక్టివ్ డీఐయో, అకౌస్టిక్ ప్రీయాంప్ పెడలో కొనేయండి. కొనేటప్పుడు ఒక్కటే చూడండి, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎంత అని బాక్స్ మీదో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది, మిగతా నాబ్‌లు, లైట్లు తర్వాత.

వచ్చిన వాళ్లయితే మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్లండి, ఒక్క సాయంత్రం పని. టీఎల్072 అనే ఐసీ అడగండి, ప్రతి షాపులో ఉంటుంది, ఫిల్టర్ కాఫీ డబ్బుల్లో వచ్చేస్తుంది. దాని ఇన్‌పుట్ జెఫెట్ (దాదాపు కరెంటే లాగని రకం ట్రాన్సిస్టర్) కాబట్టి పీజో మీద అస్సలు బరువు పెట్టదు. దాంతో పాటు 10 మెగాఓమ్ రెసిస్టర్ ఒకటి, 10 కిలోఓమ్‌వి రెండు, 100 ఓమ్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 10 మైక్రోఫారడ్‌వి రెండు, 9 వోల్ట్ బ్యాటరీ క్లిప్, ఆన్-ఆఫ్ స్విచ్, రెండు జాక్‌లు, ఒక అల్యూమినియం డబ్బా. ప్లాస్టిక్ డబ్బా వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను.

కట్టడం: 8వ కాలికి స్విచ్ మీదుగా ప్లస్ 9, 4వ కాలికి గ్రౌండ్. రెండు 10 కిలోఓమ్‌లు ప్లస్‌కి, గ్రౌండ్‌కి మధ్య వరసగా పెడితే వాటి నడుమ 4.5 వోల్ట్ దొరుకుతుంది, అక్కడి నుంచి గ్రౌండ్‌కి ఒక 10 మైక్రోఫారడ్. పికప్ హాట్ వైరు 0.1 కెపాసిటర్ మీదుగా 3వ కాలికి, అదే 3వ కాలి నుంచి 10 మెగాఓమ్ ఆ 4.5 పాయింట్‌కి. 1, 2 కాళ్లు కలిపేయండి, అదే అవుట్‌పుట్, దాన్ని 10 మైక్రోఫారడ్ (ప్లస్ వైపు ఐసీకి), తర్వాత 100 ఓమ్ మీదుగా బయటి జాక్‌కి. మిగిలిన రెండో సగాన్ని గాలికి వదలకండి, 5వ కాలు 4.5కి, 6, 7 కలిపేయండి. అంతే. ఇది సౌండ్ పెంచదు, కేవలం పికప్‌ని కాపాడి ముందుకి తోస్తుంది, మిగతాది మిక్సర్ చూసుకుంటుంది. మొత్తం తాగేది సుమారు 3 మిల్లీయాంప్, ఆల్కలైన్ బ్యాటరీ చాలా కచేరీలు లాగుతుంది.

చెన్నై వాళ్లకి స్పెషల్‌గా ఒక మాట. టంకం అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు బ్రష్ పెట్టి కడగండి, ముఖ్యంగా 3వ కాలి చుట్టూ. ఫ్లక్స్ జిడ్డు మిగిలిపోయి, మన సముద్రపు చెమ్మ దాని మీద చేరిందంటే అది తనే ఒక రెసిస్టర్ అయి కూర్చుంటుంది, మీరు 10 మెగాఓమ్ అనుకుంటారు, అక్కడ నిజంగా ఉండేది అందులో ఏ పదో వంతో. నేను చేసిన మొదటి బాక్స్ ఎండాకాలం బాగుండి నవంబర్ వానల్లో బేస్ పోగొట్టుకుంది, ఆలోచించీ ఆలోచించీ బుర్ర వేడెక్కాక కడిగితే తిరిగొచ్చింది.

స్టెప్ 3: బిళ్ల ఎక్కడ అతికించాలి

దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి, తొందరపడొద్దు. ఇంకో మనిషి ఉంటే మేలు, మీటేవాళ్లు ఒకరు, వినేవాళ్లు ఒకరు, ఎందుకంటే వాద్యం ఒళ్లో ఉన్నవాళ్లకి చెక్క అదురు ఒంటికి తెలుస్తుంది, అది స్పీకర్ సౌండ్ అని పొరపాటు పడతారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా అంతే.

జిగురు వాడకండి, ఫెవిక్విక్ అసలే వద్దు, పాత వీణ పాలిష్ ఊడి వస్తే ఎవరూ అతకలేరు. పోస్టర్లు గోడకి అంటించే ఆ బంక ముద్ద ఉంటుంది చూడండి, అది సెనగ్గింజంత తీసుకుని పల్చగా నొక్కి బిళ్ల ఇత్తడి వైపు చెక్కకి వచ్చేలా పెట్టండి. స్పంజిలా ఉండే డబుల్ సైడ్ టేప్ వద్దు, అది పై స్థాయి సౌండ్‌ని మింగేస్తుంది.

వీణకైతే ఇలా. మొదటి చోటు బ్రిడ్జికి దగ్గరగా, పై పలక మీద, రెండు వేళ్ల దూరంలో. రెండోది బ్రిడ్జికీ అంచుకీ మధ్యలో. మూడోది ఇంకా దూరంగా అంచు వైపు. నాలుగోది తాళం తీగల వైపు. ప్రతి చోటా ఫోన్‌లోనో, లాప్‌టాప్‌లోనో రికార్డ్ చేయండి, ముందు నోటితో "ఒకటి", "రెండు" అని చెప్పి నాలుగు తీగలూ ఖాళీగా మీటి, సారణి మీద ఒక పొడుగాటి జారు, తర్వాత తాళం తీగలు. అన్నిచోట్లా అదే మీటండి, మూడ్ వచ్చి కీర్తన ఎత్తుకున్నారంటే పోలిక పోతుంది, మా పిన్ని అదే చేసింది, రెండో నంబర్ దగ్గర ఇరవై నిమిషాలు తోడి వాయించి ఇదే బాగుంది అంది, రాగం బాగుంది మరి.

వినేటప్పుడు గమనించాల్సింది ఇది. బ్రిడ్జికి దగ్గరగా ఉంటే స్పష్టంగా ఉంటుంది కానీ మీటు, గోరు, మెట్ల గీకుడు ముందుకొస్తాయి. దూరం జరిగేకొద్దీ గుండ్రంగా, కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది కానీ ఊళ వేయడం, అదే ఫీడ్‌బ్యాక్, తొందరగా వస్తుంది. ఒక్కో చోట ఒక్కో స్వరం మాత్రం బొయ్యిమని పొంగుతుంది, మిగతావి మామూలుగా ఉంటాయి, ఆ చోటు వదిలేయండి ఎంత తియ్యగా ఉన్నా సరే. నాలుగు తీగలూ దాదాపు సమానంగా పలికే చోటు వెతకండి, సౌండ్ కొంచెం తక్కువ అందంగా ఉన్నా పర్లేదు, అందాన్ని ఈక్యూతో తేవచ్చు, ఒక తీగ ఎక్కువ ఒక తీగ తక్కువ అయితే ఏ నాబ్ కూడా సరిచేయలేదు. మా ఇంట్లో గెలిచింది బ్రిడ్జికీ అంచుకీ సరిగ్గా సగంలో కాదు, అంతకంటే ఒక వేలు బ్రిడ్జి వైపు. మీ వీణకి వేరే చోటు రావచ్చు, ఏ రెండు దుంగలూ ఒకటి కాదు.

చోటు తేలాక పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుని, కచేరీ అయ్యాక బంక తీసేయండి, రోజుల తరబడి ఉంచితే మరక.

శాడిల్ కింద పట్టీ ఉన్న గిటార్‌కి చోటు మార్చడం కుదరదు, కానీ ఒక తీగ గట్టిగా, పక్క తీగ నీరసంగా ఉంటే పట్టీ చెడిపోయిందనుకోవద్దు. తీగలు వదులు చేసి శాడిల్ బయటికి లాగి దాని అడుగు చూడండి, వంకర ఉంటుంది. గాజు పలక మీద 400 నంబర్ గరుకు కాగితం పరిచి శాడిల్‌ని నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు రుద్ది చదును చేయండి, ఎక్కువ రుద్దితే తీగలు కిందికి దిగి మోగుతాయి, జాగ్రత్త. గాడిలో దుమ్ము ఊది, ఇటుదే ఇటు వచ్చేలా తిరిగి పెట్టండి.

వయొలిన్ వాళ్లకి ఒక్క సంగతి. మన పద్ధతిలో కింద కూర్చుని, తల భాగం కుడి పాదం మీద, రెండో కొస ఛాతీకి ఆనించి వాయిస్తాం కదా, పాశ్చాత్య పద్ధతికి చేసిన పికప్ జాక్ సరిగ్గా ఛాతీకి తగిలే చోటే వస్తుంది, ఊపిరి తీసినా గుర్రుమంటుంది. జాక్‌ని పక్క అంచుకి జరిపి, ఎల్ ఆకారం ప్లగ్ పెట్టి, వైరుని మెత్తటి దారంతో టెయిల్‌పీస్ కింద కట్టేయండి, వైరు చెక్కకి తగిలి గలగలలాడకుండా.

స్టెప్ 4: వైరు, గుయ్యిమనే హమ్

పీజోకి బఫర్‌కి మధ్య వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మీటర్ వైరుకి సుమారు 100 పికోఫారడ్ ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లు పొడుగు వైరు వల్ల ట్రెబుల్ పోతుందంటారు, వాళ్లకి అది నిజం, పీజోకి మాత్రం ట్రెబుల్ కాదు, మొత్తం వాల్యూమ్ తగ్గుతుంది. మూడు మీటర్లకి శాడిల్ పట్టీ దాదాపు 2 డెసిబెల్ పోగొట్టుకుంటుంది. దానికంటే పెద్ద బాధ ఏమిటంటే ఆ వైరుని కాలితో కదిపినా స్పీకర్లో చప్పుడొస్తుంది. బఫర్ మోకాలి దగ్గరే పెట్టుకోండి, దాని తర్వాత ఎంత పొడుగు వైరైనా పర్లేదు.

హమ్ 50 హెర్ట్జ్, మన కరెంటుదే. బిళ్ల వెనక వైపు ఓపెన్‌గా ఉంటే అది యాంటెన్నాలా పడుతుంది, దాని మీద ముందు ఇన్సులేషన్ టేప్, దానిపైన రాగి రేకు టేప్ చుట్టి ఆ రేకుని గ్రౌండ్ వైరుకి టంకం పెట్టండి. అల్యూమినియం డబ్బా కూడా అందుకే చెప్పాను, డబ్బాని గ్రౌండ్‌కి కలపాలి. చేత్తో జాక్ లోహాన్ని ముట్టుకుంటే హమ్ ఆగిపోతోందంటే మీ షీల్డింగ్ చాలట్లేదని అర్థం. గుళ్లో సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న లైన్‌లోంచి కరెంటు తీసుకోవద్దని ముందే చెప్పండి.

సౌండ్ కుర్రాళ్లు కొందరు హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేస్తారు. ఒప్పుకోవద్దు. మీ చేతిలో లోహపు తీగలున్నాయి. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది నొక్కమనండి, అది ఆడియో గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది.

స్టెప్ 5: గెయిన్

గెయిన్ అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని మొదట్లోనే ఎంత పెంచాలో చెప్పే నాబ్. చిన్నదే కానీ చాలా మంది తప్పు చేస్తారు. పీజోకి మొదటి దెబ్బ, మీటిన క్షణం, చాలా పొడుగ్గా లేస్తుంది. మెల్లగా వాయిస్తూ గెయిన్ సెట్ చేసి, కచేరీలో తానం ఊపులో గట్టిగా మీటితే ప్రీయాంప్‌లో సౌండ్ పగిలి ఆ క్వాక్ క్వాక్ బాతు సౌండ్ వస్తుంది. కాబట్టి మీరు వాయించగలిగినంత గట్టిగా వాయించి, మీటర్‌లో మైనస్ 12 దగ్గర ఆడేలా, ఎప్పుడైనా మైనస్ 6కి లేచేలా పెట్టండి. వాల్యూమ్ చాలకపోతే తర్వాత ఫేడర్ ఎత్తండి. బ్యాటరీ నీరసించినా ఇదే పగులుడు వస్తుంది.

స్టెప్ 6: ఈక్యూ, తగ్గించడమే ఎక్కువ

ముందు అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టండి. లో-కట్ బటన్ ఉంటే ఆలోచించి నొక్కండి, మిక్సర్లలో అది చాలాసార్లు 80, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, గిటార్‌కి ఫర్వాలేదు, గిటార్ లావు తీగ 82 దగ్గర. వీణకి అదే నొక్కితే అనుమంద్రం బరువు పోతుంది, 62 అని పైన చెప్పాను కదా. లో-కట్ తిప్పే వీలుంటే వీణకి 50 దగ్గర పెట్టండి, వయొలిన్‌కి అన్నిటికన్నా లావు తీగ వాయిస్తూ మెల్లగా పెంచి, పల్చబడుతోందనగానే కొంచెం వెనక్కి తెచ్చి ఆపండి.

తర్వాత ఆ రేకు సౌండ్. మిడ్ నాబ్‌కి ఫ్రీక్వెన్సీ తిప్పే వీలుంటే మిడ్‌ని బాగా పెంచి (వాల్యూమ్ తగ్గించి, చెవులు మనవే కదా), 800 నుంచి 3,000 దాకా మెల్లగా తిప్పండి. ఎక్కడో ఒక చోట పళ్లు జివ్వుమనేంత చెడ్డగా వినపడుతుంది, అదే దొంగ. అక్కడ ఆపి 4, 5 డెసిబెల్ తగ్గించండి. గిటార్ శాడిల్ పికప్‌కి నాకు ఎక్కువసార్లు 1,200, 2,000 మధ్య దొరికింది, వయొలిన్‌కి ఇంకా పైన, 3,000 ఆ చుట్టుపక్కల. పైన 7,000 దాటాక పీజో ఇచ్చేది ఎక్కువగా గీకుడే, హై నాబ్ కొంచెం తగ్గించండి. క్లారిటీ కోసం హై పెంచమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

నాబ్ తిప్పాక కళ్లు మూసుకుని వినండి, నంబర్ చూస్తే చెవి నంబర్‌నే వింటుంది.

స్టెప్ 7: చెక్క గొంతు వెనక్కి తేవడం

ఇంతవరకు చేస్తే చాలా మందికి సరిపోతుంది. ఇంకా కావాలంటే రెండు దారులున్నాయి.

ఒకటి, పికప్‌తో పాటు ఒక మైక్ కలపడం. కండెన్సర్ మైక్ ఒక జానెడున్నర దూరంలో, కుండ పై పలక వైపు చూసేలా, గిటార్‌కైతే సౌండ్ హోల్‌కి సూటిగా కాకుండా మెడ కలిసే చోటు వైపు. కింది స్థాయి పికప్ నుంచి తీసుకుని, మైక్‌కి 200 కింద కట్ చేసి గాలి, చెక్క మాత్రం దాన్నుంచి తీసుకోండి. రెండూ కలిపాక సౌండ్ పల్చగా అయితే ఒక చానెల్ మీద ఫేజ్ బటన్ (సౌండ్ అలని తలకిందులు చేసేది) నొక్కి చూడండి, ఏది నిండుగా ఉంటే అది ఉంచుకోండి.

రెండోది ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) పెడల్. ఫిష్‌మన్ ఆరా, ఎల్ఆర్ బ్యాగ్స్ వాయిస్‌ప్రింట్, ఎన్‌యూఎక్స్ ఆప్టిమా ఎయిర్, టోన్‌డెక్స్టర్ ఇలాంటివి. వాటిలో ఎక్కువ వాటి కిటుకు ఇంతే: మీ వాద్యాన్ని మంచి మైక్ ఎలా వింటుంది, పికప్ ఎలా వింటుంది, ఆ రెండిటి తేడా లెక్క కట్టి, తర్వాత పికప్ ఒక్కటే పెట్టినా ఆ తేడాని దానికి పూసేస్తాయి. రెడీమేడ్‌గా వచ్చేవి గిటార్ల కోసం చేసినవి, వీణకి వేస్తే వీణ గిటార్ గొంతుతో మాట్లాడుతుంది, నేను చేసి చూశాను, పిన్ని ముఖం చూడాల్సింది. వీణకైతే మీ వీణ మీదే, మీ పికప్ అతికించిన చోటే నేర్పించగలిగే పెడల్ కావాలి. నేర్పించేటప్పుడు ఫ్యాన్ ఆపి, మంచి మైక్ పెట్టి, అన్ని తీగల మీద అన్ని మెట్లూ తాకుతూ వాయించండి. ఫోన్ మైక్ వద్దు, అది సౌండ్‌ని తనంతట తనే పెంచి తగ్గిస్తుంటుంది. తర్వాత బిళ్ల కొంచెం జరిపినా మళ్లీ నేర్పించాలి. మొత్తం ఐఆర్ మీదే పెట్టకండి, సగానికి కొంచెం అటూ ఇటూ కలిపితే స్టేజ్ మీద బాగుంటుంది. పగిలిన సౌండ్‌ని మాత్రం ఇది అతకదు, అందుకే గెయిన్ ముందు చెప్పాను.

స్టెప్ 8: కచేరీ రోజు

పెద్ద సభల్లో తెలిసిన ఇంజినీర్ ఉంటాడు, అడిగితే చేస్తాడు. మన బాధంతా గుళ్లు, అపార్ట్‌మెంట్ హాళ్లు, పెళ్లి రిసెప్షన్లు. గంట ముందు వెళ్లండి. సౌండ్ మనిషితో గొడవ పెట్టుకోకండి, "అణ్ణా, కొంచం మిడ్ కమ్మి పణ్ణుంగ" (అన్నా, కొంచెం మిడ్ తగ్గించండి) అని తియ్యగా చెప్తే పని అవుతుంది, ఫ్రీక్వెన్సీల గురించి లెక్చర్ ఇస్తే ఆయన ఫోన్ తీస్తాడు. పాసివ్ పికప్ నేరుగా వెళ్తుంటే ఆ చానెల్‌కి 48 వోల్ట్ ఫాంటమ్ ఆపమనండి.

చెక్క స్టేజ్ అయితే వీణ కుండ కింద మందంగా మడిచిన జంపఖానా వేయండి. స్టేజ్ పైన ఎవరు నడిచినా, పక్కన మృదంగం తొప్పి దెబ్బ పడినా ఆ అదురు చెక్కలోంచి కుండలోకి, కుండలోంచి బిళ్లలోకి వచ్చి స్పీకర్లో దుబ్ దుబ్ అంటుంది, ఏ ఈక్యూతోనూ పోదు, జంపఖానాతో పోతుంది.

మానిటర్ స్పీకర్‌ని కుండ ఎదురుగా పెడతారు, అది అలవాటు. జరిపించండి, ఎడమ మోకాలి వైపు, మీ చెవిని చూసేలా. ఊళ వేయడం మొదలైతే మొత్తం వాల్యూమ్ తగ్గించే ముందు ప్రీయాంప్ మీద ఫేజ్ స్విచ్ నొక్కండి, సగం సార్లు అక్కడికే ఆగుతుంది. ఆగకపోతే ఊళ వేస్తున్న స్వరం ఏదో పట్టుకోండి, శ్రుతి తెలిసిన వాళ్లకి ఇదొక లాభం, మంద్ర గాంధారం అని తెలిస్తే ఆ ఫ్రీక్వెన్సీ ఒక్కదాన్ని సన్నగా కోయవచ్చు. గిటార్‌కైతే సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టేస్తే లోపలి గాలి ఊగిసలాట తగ్గుతుంది, 100 హెర్ట్జ్ చుట్టూ వచ్చే ఊళ చాలావరకు పోతుంది.

బ్యాటరీ కొత్తది ఒకటి, పొట్టి వైరు ఇంకొకటి, బంక ముద్ద సంచిలో ఉండాలి. గిటార్‌లో లోపల ప్రీయాంప్ ఉంటే జాక్ గుచ్చడమే స్విచ్, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది, కాబట్టి మంగళం అయ్యాక ప్రసాదం లైన్‌లోకి పరిగెత్తే ముందు జాక్ పీకేయండి.